పాత సరుకు, ఐదువందల బేరం

మా ఇంట్లో అటకమీద ఒక పెద్ద అట్టపెట్టె ఉంది. దానిమీద మా ఆవిడ నల్లసిరాతో, దూరాన్నుంచి కూడా కనబడేలా, "తుక్కు" అని రాసిపెట్టింది. అందులో ఏమేం ఉన్నాయో చెబితే మీకు నా చరిత్ర సగం తెలిసిపోతుంది. షార్టువేవు పట్టే సోనీ రేడియో ఒకటి, కటకంలో బూజు పట్టిన కెమెరా ఒకటి, మూత తీస్తే ఒక పక్కకు ఒరిగిపోయే లాప్‌టాప్ ఒకటి, హార్డు డిస్కులు నాలుగు, ఏ యంత్రానివో నాకే గుర్తులేని చార్జర్లు ఓ డజను. వీటిలో ఏ ఒక్కటీ కొత్తగా కొన్నది కాదు. అన్నీ ఎవరో వాడి, విసిగి, అంతర్జాలంలో అమ్మకానికి పెడితే నేను బేరమాడి తెచ్చుకున్నవే.

ఇదొక జబ్బు. అవసరం ఉండి కొనేవాడికి ఈ జబ్బు రాదు. రాత్రి భోజనమయ్యాక, వార్తాపత్రిక చదివినంత శ్రద్ధగా ఎవరెవరు ఏమేం అమ్ముతున్నారో చూస్తూ కూర్చునేవాడికి వస్తుంది. మీలోనూ ఈ జబ్బు మనుషులు కొందరుంటారని నా అనుమానం. వారికి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. తక్కినవారు మాత్రం కాస్త ఓపిక పట్టాలి.

నాకు బేరం నేర్పింది కంప్యూటరు కాదు, మా నాన్నగారు. మాది విజయనగరం. చిన్నప్పుడు ఒకసారి ఆయన నన్ను అలమండ సంతకు తీసుకువెళ్ళారు. పశువుల సంత. అమ్మేవాడూ కొనేవాడూ పైకి ఒక్క అంకె కూడా పలకకుండా, తువ్వాలు కింద చేతులు దాచి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటున్నారు. మధ్యలో దళారి ఇటూ అటూ తిరుగుతున్నాడు. నాకది గారడీలా తోచింది. తిరుగు ప్రయాణంలో నాన్నగారు చెప్పిన మాట ఒకటి ఇప్పటికీ గుర్తుంది: "ఎద్దు పళ్ళు చూడటం సులువురా. అమ్మేవాడి అవసరం చూడటం కష్టం. అది కనిపెట్టినవాడిదే బేరం." ఆ మాటను నేను చాలా ఏళ్ళపాటు వ్యాపార సూత్రమనే అనుకున్నాను.

నా అంతర్జాల బేరాలు మొదలైంది బాజీ డాట్ కామ్ రోజుల్లో. 2004లో దాన్ని ఈబే సంస్థ కొనుక్కుంది. పేరు మారినా పని అదే. సరుకుమీద వేలంపాట. మనం ఇవ్వదలచిన గరిష్ఠ ధర ముందుగా చెప్పిపెడితే, ఎదుటివాడు పెంచినప్పుడల్లా మన తరఫున యంత్రమే కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతుంది. అసలు ఆటంతా చివరి రెండు నిమిషాల్లోనే. అప్పటికి నాకు ఇంట్లో కంప్యూటరు లేదు. గంటస్తంభం దగ్గర్లో ఒక నెట్ సెంటరుండేది. నేను పాట ముగిసే సమయం చూసుకుని, పావుగంట ముందే వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఒకనాడు నికాన్ కటకం ఒకటి నా చేతికి దాదాపు వచ్చేసింది. ఇంకా నిమిషంన్నర ఉంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. ఆ చీకట్లో నేను ఏమన్నానో గుర్తులేదు గాని, నెట్ సెంటరు కుర్రాడు మాత్రం "ఎవరైనా పోయారా సార్?" అని ఎంతో జాలిగా అడిగాడు. పది రూపాయల తేడాతో ఆ కటకం ఎవరో పాడుకుపోయారు.

ఆ సోనీ రేడియో నాకు దక్కింది ఆ కాలంలోనే. ఐసీఎఫ్ ఎస్‌డబ్ల్యూ 7600 జీఆర్ అనే నమూనా. చేతిలో ఇమిడేంత. నాలుగు పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది. కలకత్తాలో ఎవరో పెద్దాయన అమ్మకానికి పెట్టారు. అప్పట్లో పైసాపే అనే ఏర్పాటు ఉండేది. మనం కట్టిన డబ్బు సరుకు చేరేదాకా మధ్యవర్తి దగ్గరే ఆగి ఉండేది. ముఖం తెలియని మనిషిని నమ్మడం మనలాంటివాళ్ళకు నేర్పింది ఆ ఏర్పాటే. పెట్టె విప్పి చూస్తే రేడియోతో పాటు, ఏ సమయంలో ఏ స్టేషను ఎక్కడ వినబడుతుందో ఇంగ్లీషులో చేత్తో రాసిన కాగితం ఒకటి ఉంది. ఆయన దానికి డబ్బు అడగలేదు. నేనూ కృతజ్ఞత చెప్పలేదు. అప్పటికి అలాంటివి పట్టించుకునే వయసు కాదు.

ఆ రేడియో విలువ నాకు తెలిసింది 2018లో. అప్పటికి ఉద్యోగరీత్యా శ్రీకాకుళంలో కాపురం. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరీ జీడీ నేలమట్టమయ్యాయి. మా వీధిలో కరెంటు లేదు, సెల్‌ఫోన్లలో సిగ్నలు లేదు, టీవీ లేదు. అటకెక్కి, "తుక్కు"లోంచి సోనీని దించి, గోడ గడియారంలోవీ టార్చిలోవీ సెల్లులు పీకి వేసి, మీడియం వేవులో 927 దగ్గర విశాఖపట్నం కేంద్రాన్ని పట్టాను. పావుగంటలో మా వరండాలో పది మంది చేరారు. ఆ పూట మా ఆవిడ నన్ను చూసిన చూపులో కాస్త గౌరవం కనిపించింది. అది వారం రోజులు నిలిచింది.

వేలంపాటల యుగం మెల్లగా వెనకబడి, వర్గీకృత ప్రకటనల యుగం వచ్చింది. ఈబే వారి కిజిజీ 2008లో క్వికర్ అయింది. ఓఎల్ఎక్స్ వచ్చింది, "బేచ్ దే" అని టీవీలో ఊదరగొట్టింది. 2018 ఆగస్టులో భారతదేశపు ఈబే మూతపడింది. ఆ తర్వాత ఫేస్‌బుక్ వారి సంత. ఈ కొత్త పద్ధతిలో మధ్యవర్తి లేడు. ఫోను నెంబరు ఉంటుంది. మనమే మాట్లాడుకోవాలి, మనమే వెళ్ళాలి, మనమే చూసుకోవాలి. అంటే అంతర్జాలం చుట్టూ తిరిగి తిరిగి మళ్ళీ అలమండ సంతకే వచ్చిందన్నమాట. తువ్వాలు మాత్రం లేదు.

ఇక్కడే మన ప్రాంతపు కష్టం ఒకటుంది. ఊరి పేరు దగ్గర హైదరాబాదు అని పెడితే వందలకొద్దీ సరుకు కనబడుతుంది. విశాఖపట్నం అని పెట్టినా బాగానే ఉంటుంది. శ్రీకాకుళం అని పెడితే, ఆ తొలి సంవత్సరాల్లో, రెండు మోటారు సైకిళ్ళు, ఒక ఆవు, ఇంటిస్థలాలు కనిపించేవి. విశాఖ వెళ్ళి తెచ్చుకుందామా అంటే నూరు కిలోమీటర్ల పైచిలుకు. రానూపోనూ బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం, ఒకరోజు సెలవు లెక్క వేస్తే చవకగా దొరికినదల్లా కొత్తదాని ధరకు చేరుకుంటుంది. ఈ లెక్క నేను ఏనాడూ మా ఆవిడకు చూపించలేదు. హైదరాబాదు పని పడితే మాత్రం ఆదివారం కలిసొచ్చేటట్టు చూసుకునేవాణ్ణి. ఎర్రగడ్డ సంత, కోఠీలో గుజరాతీ గల్లీ, సికింద్రాబాదులో కంప్యూటర్లమ్మే చెనాయ్ ట్రేడ్ సెంటరు, ఇవే నాకు చార్మినారూ గోలకొండానూ.

ఇన్నేళ్ళలో నేర్చుకున్న విద్య కొంత చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. మనది సముద్రపు గాలి తగిలే నేల. ఇక్కడ వాడిన సరుకుకు మొదటి శత్రువు ఉప్పు తేమ. కెమెరా కొనేటప్పుడు కటకాన్ని విప్పి, వెనకనుంచి టార్చి వేసి చూడాలి. సాలెగూడులాంటి సన్నని పోగులు కనిపిస్తే అది బూజు, తుడిస్తే పోదు. లాప్‌టాపు అడుగున మరలు చూడాలి. తుప్పు పట్టి ఉంటే లోపల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. తెర నిండా తెలుపు, ఆ తర్వాత నలుపు పెట్టి చూస్తే చచ్చిన చుక్కలు బయటపడతాయి. హార్డు డిస్కుకు తన ఆరోగ్యం తానే రాసుకునే చిట్టా ఉంటుంది, స్మార్ట్ అంటారు. అందులో చెడిపోయిన గదులకు బదులు వేరే గదులు కేటాయించిన లెక్క సున్నా ఉండాలి. అది పెరుగుతూ ఉంటే ఆ డిస్కు ప్రయాణానికి సిద్ధమవుతోందని అర్థం.

ఫోనయితే స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే పదిహేనంకెల సంఖ్య వస్తుంది. అది పెట్టెమీదా బిల్లుమీదా ఉన్నదానితో సరిపోవాలి. 2023లో వచ్చిన సంచార్ సాథీలో గాని, కేవైఎం అని కొట్టి ఆ సంఖ్య చేర్చి 14422కు సందేశం పంపి గాని, ఆ ఫోను సంగతి తెలుసుకోవచ్చు. అమ్మేవాడు మన ఎదుటే తన గూగుల్ ఖాతా తీసెయ్యాలి. లేకపోతే తుడిచేసిన ఫోను కూడా పాత యజమాని పేరే అడుగుతూ ఇటుకలా పడి ఉంటుంది. సైన్యంలో పనిచేస్తున్నాను, బదిలీ అయింది, ముందు కొంత పంపండి అనేవాణ్ణి నమ్మరాదు. డబ్బు పుచ్చుకోవడానికి రహస్య సంఖ్య కొట్టనవసరం లేదు, కొట్టమన్నవాడు దొంగ. ఈ చివరి రెండు సూత్రాలకూ నేను ఫీజు కట్టే నేర్చుకున్నాను. ఎంతో చెప్పను, మా ఆవిడ కూడా ఇవి చదువుతుంది.

కాని, ఇంత విద్యా మన జిల్లాల్లో ఒక్క ప్రశ్న దగ్గర ఓడిపోతుంది. "ఎవరి తాలూకా బాబూ మీరు?"

ఈ ప్రశ్న మహిమ తెలియాలంటే ఒక ఉదాహరణ చెప్పాలి. పొందూరులో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు కెమెరా అమ్ముతున్నారంటే వెళ్ళాను. ఎనిమిది వేలు అడిగారు. ఆరుకు తెగ్గొట్టాలని దారిపొడుగునా పాఠం వల్లెవేసుకున్నాను. ఇంట్లోకి రమ్మన్నారు. మంచినీళ్ళిచ్చారు. టీ వచ్చింది. "ఎవరి తాలూకా బాబూ?" అన్నారు. విజయనగరం అన్నాను. ఏ వీధి అన్నారు. చెప్పాను. "అయితే ఫలానా మాస్టారు మీకేమవుతారు?" అన్నారు. మా పెద్దమామయ్య. అంతే. ఆయనా మా మామయ్యా చీపురుపల్లిలో ఒకే బడిలో ఆరేళ్ళు పనిచేశారట, ఒకే గదిలో వండుకు తిన్నారట. ఇక కటకం విప్పి టార్చి వేసి ఎలా చూడను? ఎనిమిది వేలూ లెక్కపెట్టి ఇచ్చి, ఆవిడ ఇచ్చిన గుమ్మడికాయ చంకన పెట్టుకుని బస్సెక్కాను. అటకమీద బూజు పట్టిన కెమెరా అదే. బూజు అప్పటికే ఉందేమో నాకు తెలియదు. చూడలేదు కదా.

ఇలాంటివి రెండు మూడు జరిగాక నేను తెలివి మీరాను. అమ్మేవాళ్ళ ఇంటికి వెళ్ళడం మానేశాను. బస్టాండు దగ్గరో, ఏడురోడ్ల కూడలిలోనో, హైవే పక్కనో కలుద్దామనేవాణ్ణి. నిలబడే చూసుకోవడం, నిలబడే బేరం. టీ లేదు, తాలూకా లేదు. నా బేరాలు మళ్ళీ బాగుపడ్డాయి.

ఇక 2020. ఈ మాటలన్నీ మొదలుపెట్టింది ఆ ఒక్క బేరం చెప్పడానికే.

మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి ఆయన ఉన్నారు. ఆయన కూతురు ఆ ఏడాది పదో తరగతి. పరీక్షలే రద్దయి అందరూ ఉత్తీర్ణులయ్యారు. జూలైలో ఇంటరు పాఠాలు ఫోనులో మొదలుపెడతామన్నారు కాలేజీవారు. కరోనాతో ఆఫీసులు లేవు, పెళ్ళిళ్ళు లేవు, చొక్కాలు ఇస్త్రీ చేయించుకునేవాడు లేడు. ఆయన ఆరువేలు తెచ్చి నా చేతిలో పెట్టి, "మీకు ఈ సామాన్ల సంగతి తెలుసు కదండీ, పిల్లకో ఫోను చూసిపెట్టండి" అన్నారు. నాకు ఎంతో గర్వంగా అనిపించింది. నా జబ్బు ఒకరికి ఉపకారమవడం అదే మొదలు.

అప్పుడు పాత ఫోన్ల ధరలు మండిపోతున్నాయి. రాష్ట్రంలో ప్రతి ఇంటా పిల్లలకు ఫోను కావాలి, షాపుల్లో సరుకు లేదు. నాలుగువేలు చేసే ఫోను ఏడువేలు పలుకుతోంది. పదిరోజులు వెతికాక ఒకటి కనబడింది. ఏడాదిన్నర వాడిన ఫోను, బిల్లుంది, పెట్టె ఉంది. ఆరున్నరవేలు. అమ్మే అబ్బాయిది ఎచ్చెర్ల వైపు సముద్రపు ఒడ్డున పల్లె.

ఫోనులోనే కొంత సంగతి తెలిసింది. అతను గుజరాతులో వేరావల్ రేవులో బోటుమీద పనిచేస్తాడు. మన తీరంలో చేపల వేట చాలక, మన రేవుల్లో జెట్టీలు చాలక, మన మత్స్యకారులు వేలమంది ఏటా ఆగస్టులో అక్కడికి వెళ్ళి, వేసవిలో తిరిగి వస్తారు. 2018లో అలా వెళ్ళి పాకిస్తాన్ వారికి చిక్కి, 2020 జనవరిలో విడుదలై వచ్చినవారి కథ మీకు తెలిసే ఉంటుంది. 2025లో వచ్చిన 'తండేల్' సినిమాకు ఆధారం అదే. ఆ విడుదలైన కొద్దినెలలకే లాక్‌డౌన్ వచ్చింది. వేరావల్‌లో బోట్లమీదే ఇరుక్కుపోయిన వేలమందిని ఏప్రిల్ నెలాఖరున బస్సుల్లో మన రాష్ట్రానికి తరలించారు. ఇతనూ ఆ బస్సుల్లోనే వచ్చినవాడు.

నాన్నగారి సూత్రం గుర్తుందా? అమ్మేవాడి అవసరం కనిపెట్టినవాడిదే బేరం. నాకది ఫోనులోనే దొరికిపోయింది. రెండు రాత్రులు అతనితో మాట్లాడాను. ఆరువేలకు పైసా ఎక్కువ ఇవ్వలేనన్నాను. "ఆరున్నరైతే ఇత్తాను బావూ, మా ఇంట్లో అవసరం ఉంది" అన్నాడు. అవసరం ఉందన్నవాడు దిగుతాడని నాకు తెలుసు.

చిలకపాలెం కూడలిలో, హైవే పక్కన కలిశాం. ఇద్దరి ముఖాలకూ మాస్కులు. ఆరడుగుల దూరం. సుమారు ముప్పై ఏళ్ళుంటాయి, కళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. ఫోను తీసుకుని నా విద్యంతా ప్రదర్శించాను. మూల దగ్గర గీత చూపించాను. చార్జింగు పెట్టే రంధ్రంలో ఉప్పు పేరుకున్న పచ్చదనం చూపించాను. బ్యాటరీ అరగంటలో ఎంత తగ్గిందో లెక్క చెప్పాను. అన్నీ నిజాలే. అతను కాసేపు హైవే వైపు చూసి, "సరే, ఇచ్చెయ్ బావూ" అన్నాడు. ఆరువేలూ లెక్కపెట్టుకున్నాడు.

ఖాతా తీసేసే ముందు అడిగాడు: "ఇందులో బొమ్మలుండిపోయాయి. అవి పోతాయేటి?"

ఇంకో ఫోనుకు పంపుకోమన్నాను. ఇంట్లో ఉన్నది మీటల ఫోను ఒక్కటే. పంపడానికి చోటు లేదు. నేను ఉదారంగా, అన్నీ నా కంప్యూటరులో దాచి, కాగితాలమీద అచ్చు తీయించి ఇస్తానని మాటిచ్చాను. అతని ముఖం మాస్కు వెనక ఎలా మారిందో తెలియదు. రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు.

ఇంటికి వచ్చి, ఆరున్నర అడిగినదాన్ని ఆరుకు తెచ్చిన వైనం మా ఆవిడకు వర్ణించి చెప్పాను. ఇస్త్రీ ఆయన డబ్బు సరిగ్గా సరిపోయిందని, ఒక్క రూపాయి అప్పు చేయనివ్వలేదని చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతూ విని, తలెత్తకుండానే అడిగింది: "ఆ ఐదువందలూ మీరు వేసి ఉండవచ్చు కదండీ?"

నేను నిజం చెబుతున్నాను. పదిరోజుల వెతుకులాటలో, రెండు రాత్రుల మాటల్లో, చిలకపాలెం ఎండలో, ఆ ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. లాక్‌డౌన్‌లో కూడా నెల తిరిగేసరికి జీతం అందుకున్నవాణ్ణి నేను ఒక్కణ్ణే ఆ ముగ్గురిలో. ఐదువందలు ఆ రోజు నా చొక్కా జేబులోనే ఉన్నాయి. ఒక పేదవాడికి ఉపకారం చేస్తున్నాననుకుంటూ, దాని ఖర్చు ఇంకొక పేదవాడి చేత పెట్టించాను. మధ్యలో ఘనత నేను పుచ్చుకున్నాను. సంతలో దళారి కనీసం కమీషను తీసుకుంటాడు. వాడి పద్ధతి నా పద్ధతికన్నా నిజాయితీగా ఉందనిపించింది.

ఫొటోలు మూడువందల పన్నెండు. బోటు, వలలు, ఒకే గిన్నెచుట్టూ కూర్చుని తింటున్న కుర్రాళ్ళు, ఎటు చూసినా నీళ్ళు. తర్వాత ఇల్లు, ఒక పాప, ఒక ముసలమ్మ, మళ్ళీ పాప. అన్నీ ఒక హార్డు డిస్కులో ఎక్కించాను. అదీ పాతదే, ఎర్రగడ్డలో కొన్నది. ఆ వారంలో ఒకసారి అతనికి ఫోను చేస్తే, "పట్నం వచ్చినప్పుడు తీసుకుంటాను బావూ" అన్నాడు. ఆ తర్వాత ఆ నెంబరు పలకలేదు. నేనూ ఊరుకున్నాను. కరోనా అన్నాను, పని ఒత్తిడి అన్నాను. రెండేళ్ళు గడిచాయి.

2022లో ఒకరోజు ఏదో పాత ఫైలు కోసం ఆ డిస్కు తగిలిస్తే టకటకమని చప్పుడు చేసింది. చిట్టా చూశాను. సున్నా ఉండవలసిన చోట నూట నలభై ఉంది. మర్నాటికి రెండువందలు దాటింది. నేను కంగారుపడ్డది నా ఫైళ్ళ కోసం కాదు. ఆ రోజే షాపుకు వెళ్ళి హార్డు డిస్కు కొన్నాను. కొత్తది, సీలు తీయనిది, బేరమాడకుండా. నా జన్మలో అలా కొన్నది అదొక్కటే. ఫొటోలన్నీ అందులోకి వచ్చాయి, మూడు తప్ప. ఆ మూడింటిలో ఏముందో ఇక ఎవరికీ తెలియదు.

నవంబరులో నూట ఇరవై ఫొటోలు స్టూడియోలో అచ్చు తీయించి, ఆల్బములో పెట్టించి, ఆ పల్లెకు వెళ్ళాను. అతని పేరు చెబితే ఇల్లు చూపించారు. అతను లేడు, వేరావల్ వెళ్ళాడు. భార్య పనికి వెళ్ళింది. ఫొటోల్లో చూసిన ముసలమ్మ వాకిట్లో వల బాగుచేస్తోంది. పక్కన ఏడెనిమిదేళ్ళ పాప. నన్ను చూసి ఆవిడ అడిగింది: "ఎవుల తాలూకా బావూ?"

రెండేళ్ళుగా తప్పించుకు తిరిగిన ప్రశ్న. ఏం చెప్పాలో తెలియలేదు. "మీ అబ్బాయి దగ్గర ఫోను కొన్నవాణ్ణమ్మా" అన్నాను.

కూర్చోమంది. టీ పెట్టించింది. ఆల్బము ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క పేజీ తిప్పింది. తన బొమ్మ దగ్గర ఆగి, "నాను ఇంత నల్లగున్నానేటి!" అని నవ్వింది. పాప ఫొటోలు పాపకు చూపించి, "ఇది నువ్వే" అంది. పాప నమ్మలేదు. బోటుమీది బొమ్మల దగ్గర మాత్రం చాలాసేపు ఉండిపోయింది. కొడుకు పనిచేసే చోటు ఎలా ఉంటుందో ఆవిడ అదే మొదటిసారి చూడటమట. ఆ తర్వాత అడిగింది: "ఆ పోను ఇంకా పనిచేత్తందా?"

పనిచేస్తోందని చెప్పాను. దానిలో చదువుకునే ఒక అమ్మాయి ఇంటరు పాసయిందని చెప్పాను. "అయితే మంచి సామానే" అంది, తృప్తిగా. ఎంతకు కొన్నావని అడగలేదు. ఆరున్నర చెప్పి ఆరుకిచ్చాడన్న సంగతి ఆవిడకు తెలుసో లేదో నాకు తెలియదు.

నా జేబులో ఐదువందల నోటు విడిగా పెట్టుకుని వెళ్ళాను. ఎలా ఇవ్వాలో దారిపొడుగునా ఆలోచించాను. పాత బాకీ అనాలా, ఫోను ధరలో తేడా అనాలా? చివరకు లేచి వచ్చేటప్పుడు, మన ఇళ్ళలో ఎవరైనా చేసేటట్టే, పాప చేతిలో పెట్టాను. "ఎందుకు బావూ" అంది ముసలమ్మ, మనవాళ్ళందరూ అనేటట్టే. రెండేళ్ళు ఆలస్యంగా, వడ్డీ లేకుండా, బాకీ తీరిందనుకున్నాను.

తీరలేదు. నేను గుమ్మం దిగేలోపు ఆవిడ లోపలికి వెళ్ళి ఎండుచేపల పొట్లం ఒకటి తెచ్చి నా సంచిలో పెట్టింది. వద్దంటే వినలేదు. ధరలు చూడటం నా జబ్బు కదా, మర్నాడు బజారులో అడిగాను. ఐదువందలకు తక్కువ ఉండదన్నారు.

అందుకని ఇప్పుడు నా పద్ధతి మార్చుకున్నాను. కూడళ్ళ దగ్గరా బస్టాండుల దగ్గరా కలవడం లేదు. అమ్మేవారి ఇంటికే వెళ్తాను. ముందు కూర్చుంటాను, టీ ఇస్తే తాగుతాను, ఎవరి తాలూకానో చెబుతాను, వారెవరి తాలూకానో అడుగుతాను. ఆ తర్వాతే ధర. దీనివల్ల నాకు చాలా నష్టం వస్తోందని ఒప్పుకుంటున్నాను. కటకంలో బూజు చూడటం మాత్రం మానలేదు. పొందూరు పాఠం పొందూరుదే. బూజు ఉందని చెబుతాను, వారూ చూస్తారు, తర్వాత ఇద్దరం కలిసి ఒక ధర అనుకుంటాం.

నిన్న రాత్రి బొబ్బిలిలో ఎవరో పాత ఫిలిప్స్ రేడియో పెట్టారు. పనిచేయదట, కాని చెక్క పెట్టె చెక్కుచెదరలేదు. అటకమీద చోటు లేదని మా ఆవిడ అంటోంది. ఆదివారం టీ తాగి వద్దామని బయల్దేరుతున్నాను.